లియోన్ ష్టుకెల్: వ్యాయామం, జాతీయత, రాజ్యం

క్రీడాచరిత్రను మనం సాధారణంగా పతకాల పట్టికగానే చదువుతాం. సంవత్సరం, నగరం, దేశం, పతకం అనే నాలుగు గళ్లలో ఒక మనిషి జీవితం ఇమిడిపోతుంది. వీటిలో మూడు గళ్లతో ఎవరికీ పేచీ ఉండదు. చిక్కంతా దేశం అనే గడి దగ్గరే వస్తుంది. ఆ గడిలో రాసిన పేరు కాలక్రమంలో భూపటం నుంచి తొలగిపోతే ఆ పతకం ఎవరిది? గెలిచిన మనిషిదా, పంపిన రాజ్యానిదా, అతడు పుట్టిన ఊరిదా, అతడి మాతృభాష మాట్లాడే జనానిదా? ఇరవయ్యో శతాబ్దపు మధ్య ఐరోపా చరిత్రను పరిశీలించే వారికి ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. ఈ ప్రశ్నను నిండు నూరేళ్లపాటు తన దేహంతో మోసిన ఒక వ్యాయామవీరుణ్ణి పరిచయం చేయడమే ఈ వ్యాస లక్ష్యం.

ఆయన పేరు లియోన్ ష్టుకెల్. 1898 నవంబరు 12న నోవో మెస్తో అనే చిన్న పట్టణంలో జన్మించాడు. స్లోవేన్ భాషలో ఆ పేరుకు 'కొత్త పట్టణం' అని అర్థం. మన జిల్లాల్లో ఎన్ని కొత్తూళ్లు, కొత్తపేటలు లేవు! క్ర్‌కా నది ఒంపులో ఉన్న ఆ పట్టణం నాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వియన్నాలో ఉండేవాడు. ఉన్నతాధికార వ్యవహారాల్లో జర్మన్ భాషకు పెద్దపీట. ఇంట్లో, పొలంలో, చర్చిలో వినిపించే స్లోవేన్ భాషకు రాజకీయంగా చెప్పుకోదగ్గ బలం లేదు. ఆనాటి స్లోవేనులకు తమదంటూ ఒక రాజ్యం లేదు, సైన్యం లేదు. అయితే ఒక వ్యాయామశాల ఉంది. దానిపేరు సోకోల్.

సోకోల్ అంటే డేగ. ఈ సంస్థ పుట్టుక తెలియకపోతే ష్టుకెల్ జీవితం అర్థం కాదు కనుక కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆధునిక జిమ్నాస్టిక్స్‌కు మూలపురుషుడుగా జర్మన్లు ఫ్రీడ్రిహ్ లుడ్విగ్ యాన్‌ను పేర్కొంటారు. నెపోలియన్ చేతిలో ప్రష్యా పరాజయం పొందిన అవమానం ఆయనను కుదిపింది. 1811లో బెర్లిన్ శివారులోని హాజెన్‌హైడె మైదానంలో యువకులను సమీకరించి బహిరంగ వ్యాయామశాల నెలకొల్పాడు. నేటి పారలల్ బార్స్, హారిజాంటల్ బార్ వంటి సాధనాలు ఆ మైదానంలో రూపుదిద్దుకొన్నవే. కండలు పెంచడం ఆయన అసలు ఉద్దేశం కాదు, జర్మన్ జాతిని మేల్కొలపడం. ప్రభుత్వానికి ఈ సంగతి త్వరలోనే బోధపడింది. 1819లో యాన్‌ను నిర్బంధించారు. మరుసటి ఏడాది నుంచి 1842 వరకు ప్రష్యాలో బహిరంగ వ్యాయామంపై నిషేధం అమలయింది. గుర్రం బొమ్మ మీదుగా దూకడం రాజద్రోహమా అని నేటి పాఠకుడు ఆశ్చర్యపోవచ్చు. యువకులు ఒకచోట చేరి, ఒకే ఆజ్ఞకు ఒకేసారి చేతులెత్తడం నేర్చుకొంటే దాని పర్యవసానం ఏమిటో పాలకులకు బాగా తెలుసు.

ఈ పాఠాన్ని జర్మన్ల నుంచే నేర్చుకొని, జర్మన్ ఆధిపత్యానికి ఎదురుగా ప్రయోగించిన వాడు మిరొస్లావ్ తిర్ష్. 1862లో ప్రాగ్ నగరంలో ఇంద్రిహ్ ఫ్యూగ్నర్‌తో కలిసి తొలి సోకోల్ సంఘాన్ని స్థాపించాడు. తిర్ష్ స్వతహాగా మల్లుడు కాడు, తత్త్వశాస్త్రం, కళాచరిత్ర చదివిన పండితుడు. గ్రీకు శిల్పంలోని దేహసౌష్ఠవం ఆయనకు ఆదర్శం. ఆయన చేసిన పనుల్లో సాహిత్యప్రియులు ప్రత్యేకంగా గమనించదగినది ఒకటుంది. వ్యాయామానికి సంబంధించిన పరిభాషనంతా చెక్ భాషలో నిర్మించాడు. అప్పటిదాకా ఆ ఆజ్ఞలన్నీ జర్మన్‌లోనే వినిపించేవి. 'ముందుకు', 'పక్కకు', 'వంగు', 'నిలు' అనే మాటలు తన భాషలో చెవిన పడినప్పుడు ఒక చెక్ యువకుడి దేహం పొందిన స్వాతంత్ర్యాన్ని మనం కొంత ఊహించుకోగలం. పారిభాషిక పదకోశాలు తయారుచేసే మన సంఘాలు తిర్ష్ ఉదాహరణను ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. ఆయన పదాలు కాగితం మీద ఆగిపోలేదు, వేలాది గొంతుల్లో వినిపించాయి.

ప్రాగ్‌లో డేగ ఎగిరిన ఏడాదికే, 1863లో, ల్యుబ్ల్యానాలో 'దక్షిణ సోకోల్' ఏర్పడింది. ఆస్ట్రియా ప్రభుత్వం దాన్ని కొన్నేళ్లకే మూసివేయించింది. స్లోవేనులు మరో పేరుతో మళ్లీ ప్రారంభించారు. శతాబ్దం ముగిసేనాటికి ఒక మోస్తరు పట్టణమేదైనా సోకోల్ లేకుండా లేదు. సాయంకాలం బడి ముగిశాక పిల్లలు అక్కడికి వెళ్లేవారు. తాడు ఎక్కడం, దండెల మీద ఊగడం, వరుసగా నిలబడటం, పాట పాడటం నేర్చుకొనేవారు. బాలుడైన ష్టుకెల్ ఈ విధంగానే సోకోల్‌లో చేరాడు.

ఇదే కాలంలో మన దేశంలోనూ ఇటువంటి కదలిక కనిపించడం యాదృచ్ఛికం కాదు. 1902లో బెంగాల్‌లో వెలసిన అనుశీలన సమితి బయటికి వ్యాయామశాల, లోపల విప్లవ సంఘం. మన విజయనగరంలో కోడి రామమూర్తి నాయుడు గారు వ్యాయామ పాఠశాల నడిపి యువకులకు శిక్షణ ఇచ్చారు. విదర్భలోని అమరావతి పట్టణంలో 1914లో స్థాపితమైన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి నేటికీ పనిచేస్తున్నది. ఆంధ్రదేశపు తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసిన కుర్రవాళ్లు తిర్ష్ పేరు విని ఉండరు. పరాయి పాలనలో ఉన్న జాతికి తన దేహమొక్కటే తన అధీనంలో ఉన్న భూభాగమని ఎవరి అనుభవం వారికే చెప్పింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే సరికి హాబ్స్‌బుర్గ్ సామ్రాజ్యం కూలిపోయింది. 1918 డిసెంబరులో 'సెర్బు, క్రొయాటు, స్లోవేనుల రాజ్యం' ఏర్పడింది. పేరులోనే ముగ్గురి మధ్య ఒప్పందం, పేరులోనే అనుమానం కూడా ఉన్న రాజ్యమది. ష్టుకెల్ వయస్సు అప్పటికి ఇరవై. ఊరు కదలకుండానే ఆయన పౌరసత్వం మారింది. నిషేధాలకు అలవాటుపడిన సోకోల్ ఇప్పుడు కొత్త రాజ్యానికి ముద్దుబిడ్డ అయింది.

కొత్త రాజ్యం తన ఉనికిని ప్రపంచానికి చాటుకోవాలి. అందుకు సోకోల్ వ్యాయామవీరులకంటె తగిన రాయబారులు దొరకరు. 1922లో అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ పోటీలు ల్యుబ్ల్యానాలోనే జరిగాయి. తర్వాతి కాలంలో వీటిని ప్రపంచ చాంపియన్‌షిప్‌లుగా లెక్కించారు. ఆ పోటీల్లో వ్యక్తిగత సమగ్ర విజేతలుగా స్లోవేనుడైన పీటర్ షుమి, చెక్ వీరుడు ఫ్రాంతిషెక్ పెహాచెక్ సమానంగా నిలిచారు. ష్టుకెల్‌కు అది తొలి అంతర్జాతీయ వేదిక. సాధనాల వారీ పోటీల్లో స్వర్ణాలు గెలుచుకొన్నాడు. నాటి జిమ్నాస్టు కేవలం దండెల మీద విన్యాసాలు చేస్తే సరిపోయేది కాదు. పరుగు, దూకడం, ఇనుపగుండు విసరడం వంటివాటిలోనూ మార్కులు తెచ్చుకోవలసి వచ్చేది. ఒక అంగంలోనే నిష్ణాతుడైన వాణ్ణి సోకోల్ సంప్రదాయం సంపూర్ణ పురుషుడుగా అంగీకరించలేదు.

1924 పారిస్ ఒలింపిక్స్ గురించి కొంత వివరంగా చెప్పాలి. జూలై నెలలో, కొలోంబ్ స్టేడియంలో, ఆరుబయట పోటీలు జరిగాయి. నేటి పోటీల్లో కనిపించే మెత్తటి దళసరి పరుపులు, విద్యుద్దీపాల మండపాలు అప్పుడు లేవు. ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ అప్పటికి ఒలింపిక్ పోటీగా రాలేదు, అది 1932లో వచ్చింది. దాని స్థానంలో, నేడు మనం మరచిపోయిన పోటీ ఒకటి ఉండేది. అదే తాడు ఎక్కడం. కాళ్ల సాయం లేకుండా కేవలం చేతులతో ఎనిమిది మీటర్ల తాడు పైకి పాకాలి. చెకోస్లొవాకియాకు చెందిన బెద్రిహ్ షుప్చీక్ 7.2 సెకన్లలో ఆ పని పూర్తిచేసి స్వర్ణం పొందాడు. పామెల్ హార్స్, రింగులు, పారలల్ బార్స్, హారిజాంటల్ బార్, నిలువు గుర్రం, అడ్డు గుర్రం, తాడు అని ఏడు సాధనాల మీద ప్రతి పోటీదారూ పాల్గొనాలి. అన్నింటి మార్కులు కలిపితే సమగ్ర విజేత ఎవరో తేలుతుంది.

ఏడు సాధనాల స్వర్ణాలు ఏడుగురికి దక్కాయి. ఇటలీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, అమెరికా, చెకోస్లొవాకియా క్రీడాకారులు తలా ఒకదాన్ని అందుకొన్నారు. హారిజాంటల్ బార్ మాత్రం ష్టుకెల్‌ది. ఆ తర్వాత మొత్తం లెక్క కట్టారు. ష్టుకెల్‌కు 110.340, చెకోస్లొవాకియా వీరుడు రోబర్ట్ ప్రజాక్‌కు 110.323. తేడా ఒక మార్కులో వెయ్యింటికి పదిహేడు వంతులు. ప్రజాక్‌ను తలచుకొంటే జాలి కలుగుతుంది. ఏడు సాధనాలు, నూటపది మార్కులు, చివరకు ఆయన చేజారినది ఒక బొటనవేలు తిన్నగా చాచకపోవడమంత స్వల్పం. మూడవ స్థానం షుప్చీక్‌ది. ఆయన మొత్తం 106.930 మాత్రమే. అంటే మొదటి ఇద్దరూ మిగిలిన లోకానికి చాలా దూరంగా, ఒకరికొకరు వెంట్రుకవాసి దగ్గరగా నిలిచారన్నమాట. ముగ్గురూ సోకోల్ సంప్రదాయంలో తయారైన వారే. ప్రాగ్‌లో ఒక కళాచరిత్రకారుడు నాటిన విత్తనం ఫలించడానికి అరవై రెండేళ్లు పట్టింది.

ఆ రెండు స్వర్ణాలు ఆ రాజ్యానికి ఒలింపిక్స్‌లో దక్కిన తొలి పతకాలు. ఆ క్రీడల్లో మరొక పతకం దానికి రాలేదు. పాఠకులు గమనించదగిన విశేషం ఇంకొకటి ఉంది. 1924 నుంచి 1936 వరకు యుగోస్లావియా రాజ్యం ఒలింపిక్స్‌లో సాధించిన మొత్తం ఎనిమిది పతకాలూ జిమ్నాస్టిక్స్‌లో వచ్చినవే. వాటిలో ఆరింటిలో ష్టుకెల్ చెయ్యి ఉంది. ఆ బృందాల్లో అత్యధికులు స్లోవేనులు. రాజ్యంలో అల్పసంఖ్యాకమైన ఒక జాతి, తన వ్యాయామశాలల చలువతో, రాజ్యానికంతటికీ కీర్తి తెచ్చిపెట్టింది.

1926లో లియోన్స్ నగరంలో మళ్లీ ప్రపంచ స్థాయి విజయాలు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్. మనకు ఆమ్‌స్టర్‌డామ్ అనగానే ధ్యాన్‌చంద్ గుర్తుకు రావడం సహజం. జైపాల్ సింగ్ నాయకుడుగా వెళ్లిన భారత హాకీ జట్టు మే నెలాఖరున అక్కడ తొలి స్వర్ణాన్ని గెలిచింది. స్వాతంత్ర్యం లేని దేశం పేరున వచ్చిన పతకమది. రెండు నెలలు గడిచాక, ఆగస్టులో, అదే నగరంలో ష్టుకెల్ రింగుల మీద స్వర్ణం, సమగ్ర పోటీలో కాంస్యం, జట్టుతో కలిసి మరొక కాంస్యం సాధించాడు. సమగ్ర పోటీలో స్విట్జర్లాండ్ వీరులు జార్జ్ మియెజ్, హెర్మన్ హెంగి ఆయనకంటె ముందు నిలిచారు.

రింగులు ఆయన సహజస్థానం. ఈ సాధనం గురించి ఒక మాట. మిగిలిన సాధనాలన్నీ నేలకు గట్టిగా బిగించి ఉంటాయి, పోటీదారు వాటిని నమ్ముకోవచ్చు. రింగులు మాత్రం తాళ్ల చివర స్వేచ్ఛగా వేలాడుతుంటాయి. మనిషి కదిలితే అవి కదులుతాయి, వణికితే వణుకుతాయి. రెండు చేతులూ పక్కలకు చాచి, దేహాన్ని శిలువ ఆకారంలో నిశ్చలంగా నిలిపే భంగిమలో భుజాల మీద పడే భారం చెప్పనలవి కాదు. చూసేవారికి ఆ క్షణంలో ఏమీ జరగడం లేదనిపిస్తుంది. ఆ 'ఏమీ జరగకపోవడం' కోసమే ఏళ్ల తరబడి సాధన. నేల లేనిచోట నిశ్చలంగా నిలబడే ఈ విద్యలో ఒక స్లోవేనుడు లోకంలో ఎవరికీ తీసిపోడనిపించుకోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

అయితే ఆ విద్య ఎంత ప్రమాదకరమో 1930లో తెలిసింది. లక్సెంబుర్గ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ష్టుకెల్ సహచరుడు అంతోన్ మలెయ్ రింగుల మీద నుంచి పడిపోయాడు. ఆ గాయాలతోనే మరణించాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ష్టుకెల్‌తో కలిసి జట్టు కాంస్యం అందుకొన్న యువకుడతడు. ఇరవై రెండేళ్ల వయస్సు. ఆ పోటీల్లో సమగ్ర విజేతగా నిలిచినది కూడా ఆ జట్టులోని వాడే, యోసిప్ ప్రిమోజిచ్. ఒకే జట్టు ఒకే పోటీలనుంచి ఒక ప్రపంచ విజేతతోనూ, ఒక శవపేటికతోనూ ఇంటికి తిరిగివచ్చింది. పతకాల పట్టికలో ఈ రెండవ వివరానికి గడి లేదు.

ఇంతకూ ష్టుకెల్ వృత్తి ఏమిటి? ఆయన న్యాయశాస్త్రం చదివి న్యాయాధికారిగా పనిచేశాడు. మొదట స్వస్థలమైన నోవో మెస్తోలో, తర్వాత లెనార్ట్ అనే చిన్న ఊళ్లో, ఆ పిమ్మట మారిబోర్ నగరంలో న్యాయస్థానాల్లో ఉద్యోగం. నాటి ఒలింపిక్ నియమాలు ఔత్సాహికులకే ప్రవేశం కల్పించేవి. ఆటను జీవనోపాధి చేసుకొన్న వాడు అనర్హుడు. కనుక పొద్దుటిపూట సరిహద్దు తగాదాలు, వారసత్వ వ్యాజ్యాలు వినడం, సాయంత్రం రింగులకు వేలాడటం ఆయన దినచర్య అయింది. ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారికి ఈ రెండు పనులకూ గల పోలిక స్ఫురించకపోదు. రెండింటిలోనూ ఎటువైపూ ఒరగకుండా ఉండటమే ప్రావీణ్యం.

రాజ్యం మాత్రం ఒకవైపు ఒరిగిపోయింది. 1929 జనవరిలో రాజు అలెగ్జాండర్ రాజ్యాంగాన్ని రద్దుచేసి సర్వాధికారాలూ చేపట్టాడు. రాజ్యానికి యుగోస్లావియా అని పేరు మార్చాడు. అదే ఏడాది డిసెంబరులో అన్ని సోకోల్ సంఘాలనూ రద్దుచేసి ఒకే ప్రభుత్వ సోకోల్‌గా పునర్వ్యవస్థీకరించారు. ఒకనాడు సామ్రాజ్యానికి ఎదురు నిలిచిన డేగ ఈనాడు రాజు ముంజేతి మీద కూర్చుంది. స్వచ్ఛంద సంస్థలను ప్రభుత్వం చేరదీయడంలో ఉన్న ప్రమాదానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆదరణ పెరిగింది, భవనాలు పెరిగాయి, ఊపిరి తగ్గింది. ఈ నిర్ణయానికి ష్టుకెల్ బాధ్యుడు కాకపోయినా, రాజరికపు సోకోల్ మనిషి అన్న ముద్ర ఆయన మీద పడింది. ఆ ముద్ర ఖరీదు పదిహేనేళ్ల తర్వాత చెల్లించవలసి వచ్చింది.

1931లో పారిస్‌లో మరొక అంతర్జాతీయ పోటీ. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు యుగోస్లావియా జిమ్నాస్టులను పంపలేదు. ఆర్థిక మాంద్యపు రోజులు, అట్లాంటిక్ అవతలి ప్రయాణం. ష్టుకెల్‌కు అప్పటికి ముప్పై మూడేళ్లు. అందరూ ఆయన కథ ముగిసిందనుకొన్నారు.

కాని 1936లో, ముప్పై ఏడేళ్ల వయస్సులో, న్యాయాధికారి మళ్లీ రింగులు పట్టుకొన్నాడు. బెర్లిన్ ఒలింపిక్స్. జిమ్నాస్టిక్స్ పోటీలు డీట్రిహ్ ఎకార్ట్ పేరిట నిర్మించిన ఆరుబయటి రంగస్థలంలో జరిగాయి. ఎకార్ట్ నాజీ పార్టీ తొలినాళ్ల సిద్ధాంతకర్త. చుట్టూ స్వస్తిక పతాకాలు. రింగుల పోటీలో చెకోస్లొవాకియాకు చెందిన అలోయిస్ హుదెత్స్ ప్రథముడు, ష్టుకెల్ ద్వితీయుడు, జర్మనీకి చెందిన మథియాస్ ఫోల్జ్ తృతీయుడు. సోకోల్ శిక్షణ పొందిన ఇద్దరు స్లావులు జర్మన్ వీరుడి ముందు నిలిచారు. యుగోస్లావియాకు ఆ క్రీడల్లో లభించిన ఏకైక పతకం అదే.

ఆ వేసవిలో బెర్లిన్‌లో భారతీయ వ్యాయామానికీ చోటు దొరికింది. పైన పేర్కొన్న విదర్భ అమరావతి వ్యాయామ మండలి నుంచి వెళ్లిన బృందం అక్కడ మల్లఖంబం మొదలైన మన దేశీయ విద్యలను ప్రదర్శించింది. ఆగస్టు 15న హాకీ తుదిపోటీలో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. నిలువు స్తంభం మీద మన మల్లుడు చేసే విన్యాసానికీ, రింగుల మీద ష్టుకెల్ నిలిచిన నిశ్చలతకూ బంధుత్వం ఉందని శరీరశాస్త్రం తెలిసినవారు సులువుగా గుర్తిస్తారు. ఒకటి ఒలింపిక్ పతకాల జాబితాకెక్కింది, మరొకటి ప్రదర్శనగానే మిగిలిపోయింది. దీనికి ప్రతిభతో సంబంధం లేదు. నియమావళి ఎవరు రాశారన్నదే ప్రధానం.

బెర్లిన్‌లో పాల్గొనడం సమంజసమా అన్న ప్రశ్న ష్టుకెల్ వంటి వారిని తర్వాతి తరాలు అడిగాయి. 1936లో దాదాపు యాభై దేశాలు అక్కడికి వెళ్లాయి. ఒక న్యాయాధికారి ఒంటరిగా వెళ్లకుండా ఉండిపోతే చరిత్ర మారేది కాదని ఒక వాదం. అందరూ అలాగే అనుకోవడం వల్లే వేదిక నిండిందని మరొక వాదం. నా మటుకు నాకు రెండవ వాదమే బలమైనదిగా తోస్తుంది. అయితే ఆ తప్పును మోయవలసింది మొదట రాజ్యాలు, ఆ తర్వాతే వ్యక్తులు.

ప్రతిఫలం అయిదేళ్లలోనే కనిపించింది. 1941 ఏప్రిల్‌లో జర్మనీ, దాని మిత్రరాజ్యాలు యుగోస్లావియాను ఆక్రమించాయి. స్లోవేనుల నేలను జర్మనీ, ఇటలీ, హంగరీ ముక్కలుగా పంచుకొన్నాయి. ల్యుబ్ల్యానా, నోవో మెస్తో ఇటలీ వాటాలోకి, మారిబోర్ జర్మనీ వాటాలోకి వెళ్లాయి. ఆ నెలలోనే హిట్లర్ స్వయంగా మారిబోర్ వచ్చాడు. స్లోవేన్ భాషను బడుల నుంచి, కార్యాలయాల నుంచి తొలగించారు. ఉపాధ్యాయులను, మతగురువులను, అధికారులను, సోకోల్ ప్రముఖులను పెద్దసంఖ్యలో నగరం నుంచి వెళ్లగొట్టారు. వ్యాయామం పేరిట జాతిని నిర్మించినవారి ఆచూకీ ఆక్రమణదారులకు బాగానే తెలుసు.

1945లో విముక్తి వచ్చింది. దానితోపాటు కొత్త రాజ్యం, కొత్త లెక్కలు. రాజరికంతో సంబంధం ఉన్నదని భావించిన ప్రతివారినీ కమ్యూనిస్టు ప్రభుత్వం అనుమానించింది. ష్టుకెల్‌ను కొంతకాలం నిర్బంధించారు. న్యాయాధికారిగా పనిచేసే హక్కు పోయింది. ఒలింపిక్ విజేత, అనుభవజ్ఞుడైన న్యాయవేత్త, మారిబోర్‌లో ఒక న్యాయ సహాయకుడుగా కాగితాలు సిద్ధంచేస్తూ మిగిలిన ఉద్యోగకాలం గడిపాడు. రాజ్యం ఆయనను శిక్షించిందనడంకంటె ఆయనను విస్మరించిందనడం సమంజసం. జిమ్నాస్టిక్స్‌ను అది విస్మరించలేదు. మిరొస్లావ్ త్సెరార్ అనే మరొక స్లోవేనుడు 1964 టోక్యోలోనూ, 1968 మెక్సికోలోనూ పామెల్ హార్స్ మీద స్వర్ణాలు గెలిచినప్పుడు యుగోస్లావియా యావత్తూ పండుగ చేసుకొంది. త్సెరార్ కూడా న్యాయవాదే కావడం చిత్రమైన సామ్యం. ఆయన కుమారుడు మీరో త్సెరార్ 2014 నుంచి 2018 వరకు స్లోవేనియా ప్రధానమంత్రి.

ఇక్కడ ఒక స్వానుభవం చెప్పడం అప్రస్తుతం కాదనుకొంటాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నేను పనిచేసిన ఒక కార్యాలయానికి వృద్ధ వ్యాయామోపాధ్యాయుడొకరు పూర్వ క్రీడాకారులకిచ్చే ఆర్థిక సహాయం కోసం అర్జీ పెట్టుకొన్నారు. జతపరచిన యోగ్యతాపత్రం మీద హైదరాబాద్ స్టేట్ ముద్ర ఉంది. ఆయన కుర్రతనంలో పారలల్ బార్స్ మీద పొందిన బహుమతి అది. 'జారీచేసిన ప్రభుత్వం ప్రస్తుతం ఉనికిలో లేనందున ధ్రువీకరణ సాధ్యం కాదు' అన్న వ్యాఖ్యతో ఫైలు రెండుసార్లు తిరిగివచ్చింది. అన్యాయం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. ప్రతి సంతకమూ నిబంధన ప్రకారమే ఉంది. ఒక రాజ్యం పోతే దాని అప్పులూ, ఆస్తులూ, భవనాలూ, ఉద్యోగులూ వారసులకు సంక్రమిస్తారని చట్టం చెబుతుంది, మరి అది ఇచ్చిన మెప్పు ఎవరికి సంక్రమిస్తుంది? ఈ ప్రశ్ననే కొంచెం మర్యాదగా మార్చి నోట్‌లో రాశాం. మూడో ఏడాది సహాయం మంజూరైంది. ఆ పెద్దాయన చెక్కు తీసుకొంటూ, యోగ్యతాపత్రం అసలు ప్రతి తిరిగి ఇప్పించమని మాత్రమే అడిగారు.

ష్టుకెల్ విషయంలో ఆ మూడో ఏడాది రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఆ కాలమంతా ఆయన మారిబోర్‌లోనే నివసించాడు, ప్రతిరోజూ వ్యాయామం మానలేదు. 1989లో తన జ్ఞాపకాలను పుస్తకంగా వెలువరించాడు. దాని పేరుకు 'నా ఏడు ప్రపంచ పోటీలు' అని అర్థం. 1922 నుంచి 1936 వరకు ఆయన పాల్గొన్న పోటీలు సరిగ్గా ఏడు. వాటిలో గెలిచినవి ఇరవై పతకాలు: ఎనిమిది స్వర్ణాలు, ఆరు రజతాలు, ఆరు కాంస్యాలు. ఒలింపిక్స్‌వి ఇందులో ఆరు. పుస్తకం పేరులో పతకాల ఊసు లేదు, రాజ్యాల ఊసూ లేదు. తొంభై ఏళ్ల న్యాయవేత్త తన సాక్ష్యాన్ని తాను పాల్గొన్న పోటీల సంఖ్యకే పరిమితం చేసుకొన్నాడు.

1991 జూన్ 25న స్లోవేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకొంది. సుమారు ఇరవై లక్షల జనాభా గల ఆ చిన్న దేశానికి తన పూర్వచరిత్రలో ప్రపంచం గుర్తించగల మనుషులు కావలసివచ్చారు. వెతకనవసరం లేకుండా ఒకరు మారిబోర్‌లో సజీవంగా ఉన్నారు. అంతవరకు యుగోస్లావ్ ఖాతాలో ఉన్న ష్టుకెల్ ఒక్కసారిగా స్లోవేన్ ఒలింపిక్ చరిత్రకు ఆదిపురుషుడయ్యాడు. ఇందులో రాజకీయం లేదని చెప్పలేం. 1924లో ఒక కొత్త రాజ్యం చేసిన పనినే 1990లలో మరొక కొత్త రాజ్యం చేసింది. తేడా ఏమిటంటే, ఈసారి రాజ్యం మాట్లాడే భాష ఆయన తల్లి మాట్లాడిన భాష.

1996 జూలై 19 రాత్రి అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో పూర్వపు స్వర్ణ విజేతలను వేదిక మీదికి పిలిచారు. కార్ల్ లూయీస్, మార్క్ స్పిట్జ్, నాడియా కొమనేచి వంటి వారందరి మధ్య, జీవించి ఉన్న ఒలింపిక్ స్వర్ణ విజేతల్లో అత్యంత వృద్ధుడుగా ష్టుకెల్‌ను పరిచయం చేశారు. తొంభై ఏడేళ్ల ఆ మనిషి చేతికర్ర పట్టుకొని నెమ్మదిగా వస్తాడని ప్రేక్షకులు ఎదురుచూసి ఉంటారు. ఆయన చిన్నపిల్లవాడిలా గెంతుతూ వేదిక మీదికి వచ్చాడు. అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్‌తో కరచాలనం చేశాడు. స్టేడియం మొత్తం హర్షధ్వానాలు చేసింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ ప్రముఖుల జాబితాలో ఆయన పేరు చేర్చారు.

1998 నవంబరులో ఆయనకు నూరేళ్లు నిండాయి. 1999 నవంబరు 8న, నూటొకటవ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, మారిబోర్‌లో కన్నుమూశాడు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం రికార్డుల్లో ఆయన పతకాలు ఇప్పటికీ యుగోస్లావియా పేరునే ఉన్నాయి. స్లోవేనియా తన చరిత్ర గ్రంథాల్లో వాటిని తనవిగానే రాసుకొంటుంది. మారిబోర్ నడిబొడ్డున ఒక కూడలికి ఇప్పుడు లియోన్ ష్టుకెల్ పేరు ఉంది. ఆయనను న్యాయపీఠం నుంచి దింపిన నగరం కూడా అదే.